తెలుగు అక్షరం – సంకేతసంఖ్య: పైథాన్ భాషలో 'రావులపాలెం' పేరు ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:
కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా దాచదు, సంఖ్యగా దాస్తుంది. తెలుగు పాఠంలోని అక్షరాలు ఏ సంఖ్యలుగా మారుతాయో, ఆ సంఖ్యల వరుసకు తెలుగు వర్ణమాలతో ఉన్న సంబంధమేమిటో, ఆ సంబంధం ఎక్కడ తెగుతుందో ఈ వ్యాసం పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ఆధారంగా వివరిస్తుంది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని రావులపాలెం, దాని పరిసర గ్రామాల పేర్లు ఇందులో ఉదాహరణలు. కటపయాది పద్ధతి, గురులఘు నిర్ణయం, అకారాది క్రమం, పాత ఫాంట్లలో ఉన్న సిద్ధాంతగ్రంథాల మార్పిడి అనే అంశాలను సంకేతసంఖ్యల దృష్టితో పరిశీలించడం జరిగింది. సంఖ్యలన్నీ దశాంశమానంలో ఇవ్వబడ్డాయి.

కీలకపదాలు: తెలుగు లిపి, యూనికోడ్, ఇస్కీ, పైథాన్, సంకేతసంఖ్య, కటపయాది, అకారాది క్రమం, పాత ఫాంట్లు.

1. ప్రవేశిక:

గౌతమీ గోదావరి ఒడ్డున, పదహారో నంబరు జాతీయ రహదారిపై ఉన్న రావులపాలెం కోనసీమకు ముఖద్వారం. అరటి మార్కెట్టుకు పెట్టింది పేరు. ఆ ఊరి పేరులో ఎన్ని అక్షరాలున్నాయని అడిగితే తెలుగు చదివిన ఎవరైనా ఐదు అంటారు: రా, వు, ల, పా, లెం. అదే ప్రశ్న పైథాన్ భాషను అడిగితే పది అంటుంది. ఆ పేరును ఒక ఫైలులో దాచి, ఫైలు పరిమాణం చూస్తే ముప్ఫై బైట్లు కనిపిస్తాయి. మూడూ సరైన సమాధానాలే. మూడింటిలో ఏది దేనికి సమాధానమో తెలియకపోవడం వల్లనే తెలుగు పాఠంతో పనిచేసే పరిశోధకుల లెక్కలు తప్పుతుంటాయి. పదపట్టికలు కుదరవు, ఛందోవిశ్లేషణ పక్కదారి పడుతుంది, వెతికిన మాట ఫైలులో ఉండి కూడా దొరకదు.

సాహిత్య పరిశోధనలో కంప్యూటరును టైపుయంత్రంగా మాత్రమే వాడినంతకాలం ఈ తేడా బయటపడదు. ఒక కావ్యంలోని పదాల పౌనఃపున్యం లెక్కించాలన్నా, రెండు ప్రతుల పాఠభేదాలు పోల్చాలన్నా, గ్రామనామాల జాబితాను అకారాదిగా అమర్చాలన్నా అక్షరం వెనుక ఉన్న సంఖ్యను తెలుసుకోక తప్పదు.

2. అక్షరానికి సంఖ్య, సంఖ్యకు అక్షరం:

పైథాన్‌లో ఒక అక్షరాన్ని సంఖ్యగా మార్చే ప్రమేయం పేరు 'ఆర్డ్'. వరుససంఖ్య అనే అర్థమిచ్చే 'ఆర్డినల్' అనే మాటకు అది సంక్షిప్తరూపం. దీనికి విలోమమైన ప్రమేయం 'సిహెచ్ఆర్'. సంఖ్యను ఇస్తే అక్షరాన్ని ఇస్తుంది. 'ర' అనే అక్షరాన్ని ఆర్డ్‌కు ఇస్తే 3120 వస్తుంది. 3120ను సిహెచ్ఆర్‌కు ఇస్తే మళ్లీ 'ర' వస్తుంది. ఇంతవరకు చిక్కేమీ లేదు.

'రా' అనే అక్షరాన్ని ఆర్డ్‌కు ఇస్తే మాత్రం పైథాన్ నిరాకరిస్తుంది. ఒక అక్షరం ఇవ్వవలసిన చోట రెండు ఉన్న పాఠాన్ని ఇచ్చారన్న దోషసందేశం చూపుతుంది. తెలుగు విద్యార్థికి ఇక్కడే మొదటి తడబాటు. యంత్రం దృష్టిలో 'రా' అంటే 'ర' అనే హల్లు, దాని తరువాత దీర్ఘం. రెండు వేర్వేరు సంకేతాలు. కాబట్టి పదాన్ని ముందుగా సంకేతాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి ఆర్డ్‌ను వర్తింపజేయాలి. రావులపాలెం పేరుకు అలా వచ్చే వరుస ఇది:

ర – 3120; దీర్ఘం – 3134; వ – 3125; కొమ్ము – 3137; ల – 3122; ప – 3114; దీర్ఘం – 3134; ల – 3122; ఎత్వం – 3142; సున్న – 3074.

ఈ పట్టికలో లేనిదాన్ని కూడా గమనించాలి. చాలా హల్లుల మీద కాగితంపై స్పష్టంగా కనిపించే తలకట్టుకు ఇక్కడ సంఖ్య లేదు. హల్లులోనే అకారం ఇమిడి ఉందని ఈ పద్ధతి భావిస్తుంది. ఆ అకారాన్ని తీసివేయాలంటే పొల్లు (3149) చేర్చాలి. దీనికి తలకిందులైన స్థితి సంయుక్తాక్షరాలలో ఉంటుంది. ఆత్రేయపురం మండలంలోని 'ర్యాలి' పేరును సంఖ్యలుగా మారిస్తే 3120, 3149, 3119, 3134, 3122, 3135 అని ఆరు వస్తాయి. ఇందులో రెండవది పొల్లు. కాగితంపై 'ర్యా'లో పొల్లు ఎక్కడా కనిపించదు, యకారం వత్తుగా మారిపోయింది. దీర్ఘం రేఫ మీద నిలిచినట్లు కనిపిస్తున్నా సంఖ్యల వరుసలో మాత్రం యకారం తరువాతే వస్తుంది. అంటే ఈ సంకేతవ్యవస్థ అనుసరిస్తున్నది రాతను కాదు, ఉచ్చారణను. వర్ణక్రమం చెప్పేటప్పుడు ర్ + య్ + ఆ అని విడదీసే తెలుగు వ్యాకరణ సంప్రదాయానికి ఇది చాలా దగ్గరగా ఉంది.

ఐదు అక్షరాల లెక్కను తిరిగి రాబట్టడం కష్టమేమీ కాదు. అచ్చులు 3077 నుండి 3092 వరకు, హల్లులు 3093 నుండి 3129 వరకు ఉన్నాయి. పదంలోని అచ్చులను, తమకు ముందు పొల్లు లేని హల్లులను లెక్కిస్తే చాలు. రావులపాలెంలో ర, వ, ల, ప, ల అని ఐదు. ర్యాలిలో మూడు హల్లులున్నా యకారానికి ముందు పొల్లు ఉంది కనుక రెండు. పదాంతంలో పొల్లుతో ముగిసే హల్లు ఉంటే దాన్ని మినహాయించాలి. యూనికోడ్ ప్రమాణం సైతం సంయుక్తాక్షరాన్ని ఒకే ఖండంగా గుర్తించే నియమాన్ని తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు 2023లో వెలువడిన 15.1 సంచికలోనే చేర్చింది. అంతకుముందు నియమం ప్రకారం 'ర్యాలి' మూడు ఖండాలు. ఏ సాఫ్ట్‌వేర్ ఏ సంచికను అనుసరిస్తున్నదో చూడకుండా అక్షరసంఖ్యను నమ్మరాదు.

గురులఘువుల నిర్ణయానికీ ఇవే సంఖ్యలు సరిపోతాయి. హల్లు తరువాత 3134, 3136, 3138, 3143, 3144, 3147, 3148 మొదలైన సంఖ్యలలో ఒకటి వస్తే గురువు. సున్న (3074) గాని విసర్గ (3075) గాని వస్తే గురువు. తరువాతి అక్షరం సంయుక్తమో ద్విత్వమో అయితే, అంటే దాని మొదటి హల్లు వెంట పొల్లు ఉంటే, గురువు. ఈ నియమాల ప్రకారం 'రావుల' భగణం, 'పాలెం' రెండు గురువులు. రేఫ సంయుక్తాలలో ఊనిక లేని చోట్ల పూర్వాక్షరం లఘువుగా నిలిచే సందర్భాలను మాత్రం సంఖ్యలు చెప్పలేవు. వాటికి కవిప్రయోగాలే ప్రమాణం.

3. సంఖ్యల వరుస వెనుక ఉన్న వర్ణమాల:

రేఫకు 3120 అనే సంఖ్యే ఎందుకు వచ్చింది? యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు 3072 నుండి 3199 వరకు, మొత్తం 128. వాటిలో తెలుగు అక్షరాలను అమర్చిన తీరు యూనికోడ్ సొంతంగా ఆలోచించినది కాదు. భారతీయ లిపులకోసం అంతకుముందే రూపొందిన 'ఇస్కీ' నుండి వచ్చింది.

ఇస్కీ ఆలోచన సుందరమైనది. బ్రాహ్మీ నుండి పుట్టిన లిపులన్నింటికీ వర్ణమాల ఒకటే కనుక 'క' అనే ధ్వనికి అన్ని లిపులలోనూ ఒకే సంఖ్య (179) ఇస్తారు. దాన్ని తెలుగులో చూపాలా, దేవనాగరిలో చూపాలా అన్నది ముందుంచే ఒక ప్రత్యేక సంకేతం నిర్ణయిస్తుంది. ఇందులో రేఫ సంఖ్య 207. యూనికోడ్ ఈ ఏకత్వాన్ని విడిచి ఒక్కొక్క లిపికి ఒక్కొక్క గది కేటాయించింది. అయితే 1988 నాటి ఇస్కీ అమరికనే ప్రతి గదిలోనూ పాటించింది. అందువల్ల దేవనాగరి, తెలుగు, కన్నడ రేఫలు వరుసగా 2352, 3120, 3248. తెలుగు సంఖ్య నుండి 768 తీసివేస్తే దేవనాగరి, 128 కలిపితే కన్నడం.

రావులపాలెంలోని పది సంఖ్యలకూ 128 కలిపి సిహెచ్ఆర్ ద్వారా అక్షరాలుగా మారిస్తే కన్నడిగుడు తడుముకోకుండా చదవగల పేరు వస్తుంది. 768 తీసివేస్తే దేవనాగరి రూపం వస్తుంది గాని 'లె'లోని ఎత్వం హిందీ పాఠకుడికి పరిచయం లేని గుర్తుగా మారుతుంది. హ్రస్వ ఎకారం హిందీ వర్ణమాలలో లేదు. ఇక 128 తీసివేసి తమిళం వైపు వెళ్తే గకార, దకారాలున్న తెలుగు పేర్లు ఖాళీ స్థానాలలో పడతాయి. కూడిక, తీసివేతలతో లిప్యంతరీకరణ ఎంత దూరం పోగలదో ఈ మూడు ప్రయత్నాలు చూపుతాయి.

ఉమ్మడి అమరిక వల్ల తెలుగు వరుసలో ఖాళీలు మిగిలాయి. నకారం 3112, పకారం 3114. మధ్య 3113 ఖాళీ. తమిళంలో రెండవ నకారం ఉన్న స్థానమది. అలాగే 3124 చాలాకాలం ఖాళీగా ఉండి, ప్రాచీన శాసనాలలో కనిపించే 'ఴ' అనే అక్షరానికి 2014లో లభించింది. దంత్య చ, జలకు (ౘ, ౙ) 2008లో చోటు దొరికింది గాని తాలవ్యాల పక్కన ఖాళీ లేక 3160, 3161 స్థానాలకు వెళ్లవలసి వచ్చింది. అదే సంవత్సరం తెలుగు లెక్కల్లో వాడిన భిన్నాంకాలకు 3192 నుండి 3198 వరకు, ధాన్యం కొలతకు వాడిన తూము గుర్తుకు చిట్టచివరి 3199 దక్కాయి. డెల్టా గ్రామాల పాత ధాన్యపు లెక్కలను ఉన్నదున్నట్లు టైపు చేయాలనుకునే చరిత్ర పరిశోధకుడికి ఇది చిన్న విషయం కాదు.

తెలుగు అంకెలు 3174 నుండి 3183 వరకు ఉన్నాయి. 'ఇంట్' అనే పైథాన్ ప్రమేయం ౨౦౨౨ను నేరుగా 2022గా స్వీకరిస్తుందన్న సంగతి చాలామంది అధ్యాపకులకే తెలియదు.

4. కటపయాదికి యంత్రరూపం:

అక్షరానికి సంఖ్య ఇవ్వడం తెలుగువారికి కంప్యూటరుతో వచ్చిన సంగతి కాదు. కటపయాది పద్ధతిలో క నుండి ఝ వరకు 1 నుండి 9, ఞ సున్న. ట నుండి ధ వరకు 1 నుండి 9, న సున్న. ప నుండి మ వరకు 1 నుండి 5. య, ర, ల, వ, శ, ష, స, హ, ళలకు 1 నుండి 9. అంకెలను కుడి నుండి ఎడమకు చదవాలి. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్తల పేర్లు ఈ పద్ధతికి అనుగుణంగా ఉన్నాయి.

యూనికోడ్ సంఖ్యను కటపయాది అంకెగా మార్చడం ఒక మంచి అభ్యాసం. యూనికోడ్ వరుస వర్గక్రమాన్ని పాటించింది కనుక క నుండి న వరకు పట్టిక అవసరమే లేదు. సంకేతసంఖ్య నుండి 3092 తీసివేసి, మిగిలినదానిలో ఒకట్ల స్థానం తీసుకుంటే చాలు. చకారం 3098, 6 మిగులుతుంది. ధకారం 3111, 19 మిగులుతుంది, ఒకట్ల స్థానం 9. ఞకారం 3102, 10 మిగులుతుంది, అంకె సున్న. పవర్గకు వచ్చేసరికి ఈ సూత్రం ఒక అంకె తప్పుతుంది. పకారానికి 1 రావలసిన చోట 2 వస్తుంది. కారణం పైన చెప్పిన 3113 ఖాళీయే. కాబట్టి పవర్గకు 3113 తీసివేయాలి. య, రలకు 3118; లకారానికి 3119; వ నుండి హ వరకు 3121. లకార వకారాల మధ్య ళ, ఴ చేరడంతో అక్కడ మళ్లీ జరుగుబాటు తప్పలేదు. ళకారానికి విడిగా 9 ఇవ్వాలి.

ధీరశంకరాభరణంలో ధ 9, ర 2. తిప్పి చదివితే 29, అది ఇరవై తొమ్మిదవ మేళకర్త. మేచకల్యాణిలో మ 5, చ 6, తిప్పితే 65. రావులపాలెం పేరును ఇదే ప్రోగ్రాముకు ఇస్తే 2, 4, 3, 1, 3 వచ్చి, తిప్పి చదివితే 31342 అవుతుంది.

సంయుక్తాక్షరాల వద్ద యంత్రం ఆగిపోతుంది. రత్నాంగి రెండవ మేళకర్త కావాలంటే 'త్నా'లో చివరి హల్లైన నకారాన్ని లెక్కించాలి. చక్రవాకం పదహారవది కావాలంటే 'క్ర'లో మొదటి హల్లైన కకారాన్ని లెక్కించాలి. చివరి హల్లును తీసుకోవాలన్నది సాధారణ నియమం. మేళకర్తల పేర్లు అన్ని చోట్లా దానికి కట్టుబడలేదు. ఒకే నియమం రాసి వదిలేస్తే కొన్ని రాగాల సంఖ్యలు తప్పుతాయి. అటువంటి పేర్లకు అపవాదాల పట్టిక ప్రోగ్రాములో చేర్చక తప్పదు.

5. సంఖ్య నుండి బైట్లకు:

3120 అనే సంఖ్య ఒక బైటులో పట్టదు. బైటు గరిష్ఠ విలువ 255. యూటీఎఫ్-8 పద్ధతి తెలుగు సంకేతాన్ని మూడు బైట్లుగా రాస్తుంది. 3120ను 64తో భాగిస్తే భాగఫలం 48, శేషం 48. ఈ రెండింటికీ 128 కలిపితే 176, 176. ముందు 224 చేరుతుంది. కాబట్టి రేఫ 224, 176, 176. కొమ్ము 3137కు భాగఫలం 49, శేషం 1. దాని బైట్లు 224, 177, 129. తెలుగు గది మొత్తం 3072 నుండి 3199 వరకే కనుక ప్రతి తెలుగు సంకేతం 224తో మొదలై, రెండవ బైటు 176 గాని 177 గాని అవుతుంది.

ఈ చిన్న లెక్క తెలిస్తే తరచూ ఎదురయ్యే ఒక వింతకు కారణం దొరుకుతుంది. తెలుగు పాఠం బదులు, తలపై వాలుగీత ఉన్న రోమన్ అక్షరం, దాని పక్కన ° గాని ± గాని మళ్లీ మళ్లీ కనిపించే పేజీలను చాలామంది చూసి ఉంటారు. పశ్చిమ ఐరోపా సంకేతపట్టికలో 224 ఆ రోమన్ అక్షరం, 176 డిగ్రీ గుర్తు, 177 కూడిక-తీసివేత గుర్తు. అంటే ఫైలు పాడవలేదు. యూటీఎఫ్-8గా చదవవలసిన బైట్లను వేరే పట్టికతో చదివారంతే. ఫైలును సరైన పద్ధతితో మళ్లీ తెరిస్తే పాఠం యథాతథంగా వస్తుంది. ఆ వింతరూపంలోనే మళ్లీ భద్రపరచడం అసలు ప్రమాదం.

బైట్ల లెక్కను మరచి రూపొందించిన పట్టికలు పేర్లను కోసివేస్తాయి. ఊరి పేరుకు ఇరవై బైట్లు కేటాయించిన ఒక డేటాబేసులో రావులపాలెం పేరు నమోదు చేశారనుకుంటే, 'రావులప' వరకు పద్దెనిమిది బైట్లు పడతాయి. మిగిలిన రెండు బైట్లలో దీర్ఘం పూర్తిగా ఇమడదు. తెరపై 'రావులప' తరువాత ఒక ప్రశ్నార్థకపు పెట్టె కనిపిస్తుంది. మొబైలు సంక్షిప్తసందేశాలలోనూ ఇదే లెక్క: రోమన్ లిపిలో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 సంకేతాలే పడతాయి. అందులో రావులపాలెం పేరుకే పది పోతాయి. అరటి గెలల ధర తెలిపే సందేశం తెలుగులో రాసినప్పుడు రెండు ముక్కలవడానికి కారణం భాష పొడవు కాదు, సంకేతవ్యవస్థ పొడవు.

పైథాన్ పాత సంచికలలో పాఠమంటే బైట్ల వరుసే. అందుకే పైథాన్ 2లో ఈ పేరు పొడవు 30 అని వచ్చేది. 2008 డిసెంబరులో వెలువడిన పైథాన్ 3 పాఠాన్నీ బైట్లనూ వేరు చేసింది. 'ఎన్‌కోడ్' అంటే పాఠం నుండి బైట్లకు, 'డీకోడ్' అంటే బైట్ల నుండి పాఠానికి. ఇస్కీ తుదిరూపం, యూనికోడ్ తొలి సంచిక, పైథాన్ తొలి విడుదల మూడూ 1991లోనే జరిగాయి. అయినా అవి ఒకదానితో ఒకటి సజావుగా కలవడానికి మరో పదిహేడేళ్లు పట్టిందన్నమాట.

6. ఒకే పేరు, వేర్వేరు వరుసలు:

'రైతు' అన్న మాటలోని ఐత్వానికి 3144 అనే ఒకే సంఖ్య ఉంది. ఎత్వం (3142), ఐత్వపు కింది భాగం (3158) అనే రెండు సంఖ్యలతోనూ అదే రూపం రాయవచ్చు. తెరపై తేడా కనిపించదు. పైథాన్‌లో పోల్చి చూస్తే రెండూ సమానం కావు. 'యూనికోడ్‌డేటా' అనే గ్రంథాలయంలోని 'నార్మలైజ్' ప్రమేయం ఈ రెండింటినీ ఒకే రూపానికి తెస్తుంది. వేర్వేరు చోట్ల నుండి సేకరించిన పాఠాలపై పని మొదలుపెట్టే ముందు ఈ సాధారణీకరణ తప్పనిసరి.

సాధారణీకరణతో తీరని సమస్య మరొకటుంది. 'ఫాంట్‌లో' అని రాసేటప్పుడు టకార లకారాలు కలిసిపోకుండా మధ్యలో కనిపించని విభాజకం (8204) పెడతారు. కొందరు పెట్టరు. కొందరు అవసరం లేని చోట కూడా పెడతారు. కంటికి కనిపించని ఈ సంకేతం వెతుకులాటను, పదాల లెక్కను రెండింటినీ తప్పిస్తుంది. పోల్చేందుకు వేరే ప్రతి తయారు చేసుకుని దానిలో 8204ను తొలగించి, మూలపాఠాన్ని తాకకుండా ఉంచడం మంచి పద్ధతి.

ఇక వర్ణభేదాల సంగతి పూర్తిగా వేరు. పాలెం, పాళెం, పాలెము, పాలెమ్ అనే రూపాలు తెలుగువారికి ఒక్కటే, యంత్రానికి నాలుగు. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుండి విడివడి ఏర్పడిన జిల్లా పేరులో అంబేద్కర్, అంబేడ్కర్ అనే రెండు వర్ణక్రమాలు తెలుగు ముద్రణలో చలామణిలో ఉన్నాయి. 3110, 3105 సంఖ్యల తేడా. ఇటువంటివాటికి ఏ సూత్రమూ లేదు. పేర్ల రూపాంతరాల పట్టికను మనిషే తయారు చేయాలి. ప్రభుత్వ సమాచారవ్యవస్థలు గ్రామానికి పేరుతో పాటు స్థిరమైన సంఖ్యను కేటాయించడం వెనుక ఉన్న అవసరమిదే.

7. అకారాది క్రమం:

పైథాన్‌లోని 'సార్టెడ్' ప్రమేయం పదాలను సంకేతసంఖ్యల ప్రకారం అమరుస్తుంది. ర్యాలి, రావులపాలెం, ఊబలంక, ఆత్రేయపురం, వెదిరేశ్వరం, ఈతకోట అనే జాబితాను ఇస్తే ఆత్రేయపురం, ఈతకోట, ఊబలంక, రావులపాలెం, ర్యాలి, వెదిరేశ్వరం అని వస్తుంది. తెలుగు నిఘంటువు క్రమానికి ఇది సరిపోయింది. గుణింతాల తరువాత సంయుక్తాలు రావడం నిఘంటు సంప్రదాయం. పొల్లు సంఖ్య (3149) గుణింతపు గుర్తులకంటే పెద్దది కావడంతో ఆ పని దానంతటదే జరిగింది.

ఈ సౌకర్యాన్ని చూసి మోసపోరాదు. తెలుగు వర్ణమాలలో ళకారం హకారం తరువాత వస్తుంది, ఱకారం చివర వస్తుంది. యూనికోడ్‌లో ర, ఱ, ల, ళ, వ అనేది వరుస. అందువల్ల 'పాళెం' ముందు, 'పావని' తరువాత వస్తాయి. వర్ణమాల ప్రకారం ఇది తారుమారు కావాలి. ౘ, ౙలతో మొదలయ్యే పదాలు హకారాది పదాలను కూడా దాటి చివర చేరతాయి. మాండలిక పదకోశం తయారుచేసే పరిశోధకుడు దంత్య చజలను గుర్తులతో సహా టైపు చేసి, సార్టెడ్‌కు అప్పగిస్తే ఆ పదాలన్నీ తోకలో కనిపిస్తాయి. పరిష్కారం సులభమే: ప్రతి అక్షరానికి నిఘంటుక్రమంలో కావలసిన సంఖ్యను సూచించే పట్టికను రాసి, ఆ సంఖ్యల ప్రకారం అమర్చమని ప్రోగ్రామును ఆదేశించాలి. సంకేతసంఖ్య అక్షరానికి గుర్తింపు మాత్రమే, దానికి హోదా కాదు.

8. ముద్రణరూపంలో దోషం – 2018 ఉదాహరణ:

సంఖ్యలు సరిగ్గా ఉన్నా వాటిని బొమ్మగా మార్చే దశలో దోషం జరగవచ్చు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఆపిల్ ఫోన్లలోని సందేశాల యాప్‌లను స్తంభింపజేసి ప్రపంచవార్త అయింది. దాన్ని పత్రికలు 'జ్ఞా' అని చూపాయి గాని అసలు వరుస 3100, 3149, 3102, 8204, 3134. 'జ్ఞ'కూ దీర్ఘానికీ మధ్య కనిపించని విభాజకం ఉంది. విజ్ఞానం, జ్ఞాపకం వంటి మాటలను మామూలుగా టైపు చేస్తే ఆ వరుస రాదు. అదే నెల 19న ఆపిల్ సవరించిన సంచికను విడుదల చేసింది. తెలుగు లిపి సంక్లిష్టతే దీనికి కారణమన్న వ్యాఖ్యలు అప్పట్లో వినిపించాయి. నిజానికి చెల్లుబాటయ్యే ఏ వరుసకూ కుప్పకూలకుండా ఉండడం సాఫ్ట్‌వేర్ బాధ్యత. ఆ ఐదు సంఖ్యలలో చెల్లనిది ఒక్కటీ లేదు.

9. పాత ఫాంట్లలోని సిద్ధాంతగ్రంథాలు:

తెలుగు పరిశోధనకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అంశమే. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, వచ్చిన తరువాత కూడా చాలాకాలం, తెలుగు ముద్రణ అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో సాగింది. ఈ ఫాంట్లలో తెలుగు సంకేతాలు లేవు. రోమన్ అక్షరాలు, గుర్తులు ఉండవలసిన 256 స్థానాలలో తెలుగు అక్షరపు ముక్కలను బొమ్మలుగా అమర్చారు. అటువంటి ఫాంటులో 'రావులపాలెం' అని టైపు చేసిన పాఠాన్ని ఆర్డ్‌కు ఇస్తే 3120 రాదు. రోమన్ అక్షరాల, గుర్తుల సంఖ్యలే వస్తాయి. కాగితంపై తెలుగు, ఫైలులో అర్థం లేని రోమన్ గుర్తుల వరుస.

ఫలితంగా అలా టైపు చేసి శోధగంగ వంటి భాండాగారాలకు సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో ఒక్క తెలుగు మాటనైనా వెతకడం సాధ్యం కాదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం జరిపే గ్రంథచౌర్య పరీక్షలో ఆ పాఠం దేనితోనూ పోలదు. అంటే శ్రమించి రాసిన గ్రంథం ఇతరులకు దొరకదు, నకలు చేసిన గ్రంథం పరీక్షకు దొరకదు. రెండవది మరింత ఆందోళన కలిగించే విషయం.

మార్పిడి సాధ్యమే. ఆన్‌లైన్ పత్రికలు తమ సొంత ఫాంట్లు వాడిన రోజుల్లో వెన్న నాగార్జున రూపొందించిన 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ ఉపకరణం ఆ పాఠాలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. పైథాన్‌లో అటువంటి ప్రోగ్రాము రాయాలనుకునేవారు మూడు సంగతులు గమనించాలి. ఒక్కొక్క ఫాంటుకు ముక్కల అమరిక వేరు కనుక పట్టిక కూడా వేరు. ఒక ఫాంటు పట్టికతో మరొక ఫాంటు పాఠాన్ని మారిస్తే కొంత సరిగ్గా, కొంత తప్పుగా వచ్చి తప్పులు గుర్తించడం మరింత కష్టమవుతుంది. రెండవది, ఒకే అక్షరం రెండు మూడు ముక్కలుగా ఉంటుంది కాబట్టి పొడవైన ముక్కల కూర్పును ముందు, ఒంటరి ముక్కను తరువాత పోల్చాలి. మూడవది వరుస: కొన్ని ఫాంట్లలో క్రావడి హల్లు కంటే ముందే నిలుస్తుంది. కంటికి కనిపించే ఆ వరుసను ఉచ్చారణ వరుసకు మార్చి, హల్లు తరువాత పొల్లు (3149), రేఫ (3120) వచ్చేలా సర్దాలి. 'ఆత్రేయపురం' సరిగ్గా మారిందో లేదో చూడడానికి 3078, 3108, 3149, 3120, 3143, 3119, 3114, 3137, 3120, 3074 అనే పది సంఖ్యలు ఇదే వరుసలో వచ్చాయా అని పరీక్షిస్తే చాలు. తెరపై సరిగ్గా కనిపించడం మార్పిడి సరైనదనడానికి ఆధారం కాదు.

మార్చిన పాఠంలో తెలుగు గదికి చెందని సంఖ్యలు ఎన్ని మిగిలాయో లెక్కించడం తరువాతి పని. 3072–3199 మధ్య లేనివి, ఖాళీజాగా, విరామచిహ్నాలు, అంకెలు, 8204 కానివి ఏవైనా ఉంటే వాటిని పేజీ సంఖ్యతో సహా ఒక జాబితాగా రాయించాలి. పట్టికలో చేర్చడం మరచిన ముక్కలన్నీ ఆ జాబితాలో బయటపడతాయి. సాధారణంగా అరుదైన వత్తులు, సంస్కృత శ్లోకాలలోని సంయుక్తాలు, విసర్గ పక్కన వచ్చే అక్షరాలు ఇందులో తేలుతాయి. పట్టికను సవరించి ప్రోగ్రామును మళ్లీ నడపాలి. జాబితా ఖాళీ అయిన తరువాతే మనిషి చేత అచ్చుతప్పులు చూపించడం మొదలుపెట్టాలి.